అందరి లెక్కా ఒకే చోట: ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ రికార్డు గది



పోయిన ఏడాది ఉపకార వేతనాల పంపిణీ సభ అయ్యాక, భోజనాల దగ్గర డెంకణికోట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నారు. వారి అమ్మాయి ఇంజనీరింగు మూడో ఏడు చదువుతోంది. "సార్, మీరు కంపెనీలో ప్రోగ్రాములు రాస్తారా?" అని అడిగారు. "ఇప్పుడు రాయనండి" అన్నాను. "అయితే కంప్యూటర్లు బాగు చేస్తారా?" "అదీ లేదండి." ఆయన పప్పన్నం కలుపుతూ కాసేపు ఆలోచించి, "మరి జీతం దేనికిస్తారు సార్?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. "కంపెనీలో ఏ సాఫ్ట్‌వేరు ఎక్కడుందో, ఎవరు వాడుతున్నారో లెక్క చూస్తానండి" అన్నాను. "ఓహో, కరణం పని" అన్నారాయన.

పదిహేనేళ్ళకు పైగా నేను చేస్తున్న పనికి ఇంత దగ్గరి పేరు ఇంతవరకు ఎవరూ పెట్టలేదు. ఆ పని పేరు ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్. అందులో అన్నిటికన్నా కష్టమైనది అందరికీ కలిపి ఒక రికార్డు గది ఏర్పాటు చేయడం, దాన్ని నిజంగా ఉంచడం. మా భాషలో దాన్ని రిపాజిటరీ అంటారు. మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతం పిల్లలు చాలామంది బెంగళూరు కంపెనీలకు వెళుతున్నారు గనుక, ఈ పని ఏమిటో తెలిసి ఉంటే మంచిదని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు పని సంగతి. సిప్‌కాట్‌లో ఒక మోటారు బండ్ల ఫ్యాక్టరీ ఉందనుకుందాం. గేటులో హాజరుకు ఒక సాఫ్ట్‌వేరు, జీతానికి ఇంకొకటి, విడిభాగాల కొనుగోలుకు ఒకటి, డీలర్ల ఆర్డర్లకు ఒకటి, జిఎస్‌టి లెక్కకు మరొకటి ఉంటాయి. పెద్ద కంపెనీలో ఇలాంటివి వందల్లో ఉంటాయి. ఒకటి రాసింది మరొకటి చదువుకుంటుంది. హాజరు సాఫ్ట్‌వేరులో ఒక గడి మార్చితే జీతాల లెక్క తప్పవచ్చు. కాబట్టి ఏ పని ఏ సాఫ్ట్‌వేరు మీద ఆధారపడింది, ఆ సాఫ్ట్‌వేరు ఏ సమాచారం వాడుతుంది, అది ఏ యంత్రం మీద నడుస్తుంది అని మొత్తం సంస్థకు ఒక పటం గీసి, రేపు ఎలా ఉండాలో కూడా గీయడమే ఈ విద్య. 1987లో జాన్ జాక్‌మన్ అనే ఐబిఎం ఉద్యోగి ఆ సంస్థ పత్రికలో రాసిన వ్యాసంతో దీనికి ఒక రూపం వచ్చిందని చెబుతారు. 1995లో ది ఓపెన్ గ్రూప్ అనే సంస్థ టోగాఫ్ అనే పద్ధతిని విడుదల చేసింది. దాని పదో కూర్పు 2022లో వచ్చింది. చరిత్ర ఇంతమాత్రం తెలిస్తే చాలు, అసలు సంగతి పటం గీయడంలో లేదు.

కరణం గారి పుస్తకాలు

మాది శూలగిరి దగ్గర పల్లె. మా తాతగారి కాలంలో ఊరి లెక్కల కట్టలు కరణం గారి ఇంట్లోనే, నడవలో ఒక చెక్కపెట్టెలో ఉండేవట. ఇంట్లో భూమి ఉన్నవారికి ఆ పుస్తకాల పేర్లు తెలిసే ఉంటాయి. ఎ రిజిస్టరులో సర్వే నంబరు వారీగా నేల ఎంత, ఏ రకం, తీరువ ఎంత అని ఉంటుంది. చిట్టాలో పట్టాదారు వారీగా ఎవరికి ఏ నంబర్లు ఉన్నాయో ఉంటుంది. అడంగల్‌లో ఈ ఫసలీలో ఏ నంబరులో ఏ పైరు వేశారో ఉంటుంది. కొలతల పటాలు వేరే పుస్తకం. చూడండి, నేల ఒకటే, పుస్తకాలు నాలుగు. ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రశ్నకు జవాబు. నాలుగింటినీ కలిపి కట్టే తాడు సర్వే నంబరు. అన్నదమ్ములు పంచుకుంటే 45/2 కాస్తా 45/2ఎ, 45/2బి అవుతుంది. కొత్త నంబరును చూస్తేనే అది దేనిలోంచి వచ్చిందో తెలిసిపోతుంది.

కంపెనీ రిపాజిటరీ కట్టేటప్పుడు మేము చేసేది అచ్చంగా ఇదే. సాఫ్ట్‌వేర్లకు ఒక పట్టిక, పనులకు ఒక పట్టిక, సమాచారానికి ఒకటి, యంత్రాలకు ఒకటి. ప్రతిదానికీ మారని నంబరు. ఏ పట్టికలో ఏ గడులుండాలి, ఏ పట్టిక ఏ పట్టికతో కలవాలి అని ముందే రాసుకునే నియమాన్ని మెటామోడల్ అంటారు. పేరు భయపెడుతుంది గానీ, అడంగల్‌లో ఏయే కాలమ్‌లు ఉండాలో నిర్ణయించడం లాంటిదే అది.

ఆ చెక్కపెట్టె సంగతికి మళ్ళీ వస్తాను. 1980 నవంబరులో తమిళనాడు ప్రభుత్వం ఈ పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది, తర్వాత విఏఓలు వచ్చారు. ఆంధ్రలో 1984 జనవరిలో అదే పని జరిగింది. అది మంచా చెడా అన్న వాదన ఇక్కడ అక్కర్లేదు. నాకు ఆసక్తి కలిగించేది ఒక్కటే: అప్పటిదాకా ఒక మనిషి ఇంట్లో ఉన్న లెక్క, ఒక పదవికి చెందిన లెక్క అయింది. విఏఓ బదిలీ అయినా పుస్తకం ఆఫీసులోనే ఉంటుంది. ఇప్పుడు తమిళ్ నిలం ద్వారా పట్టా, చిట్టా కంప్యూటరులోనే చూసుకుంటున్నాం. చాలా కంపెనీలు ఈనాటికీ చెక్కపెట్టె దశలోనే ఉన్నాయంటే నమ్ముతారా? ఆ పెట్టె పేరు ఎక్సెల్ ఫైలు.

నేను సంతకం పెట్టిన రోజు

2010లో బెంగళూరులో ఒక కంపెనీలో ఈ పనిలో చేరాను. అక్కడ సాఫ్ట్‌వేర్ల జాబితా 640 వరుసల ఎక్సెల్ ఫైలు. దాని ప్రతులు ఎన్నో: "ఫైనల్", "ఫైనల్ 2", "ఫైనల్ కొత్తది". ఒక్కో టీము దగ్గర ఒక్కో ప్రతి. అందరూ తమదే సరైనదని నమ్మేవారు. ఆ ఏడు ఖర్చు తగ్గించాలని పాత సర్వర్లను ఆపివేసే పని వచ్చింది. ఏవి ఆపవచ్చో జాబితా చూసి చెప్పడం నా వంతు.

అందులో ఒక పాత ప్రోగ్రాముకు ఎదురుగా "వాడుకలో లేదు" అని ఉంది. బాధ్యులెవరు అన్న గడి ఖాళీ. ఎప్పుడు రాశారో తేదీ లేదు. నేను ఎవరినీ అడగలేదు. జాబితాలో ఉంది గదా అని సంతకం పెట్టేశాను. శనివారం రాత్రి ఒక కుర్రాడు ఆ సర్వరును ఆపాడు. సోమవారం ఉదయం సర్వీసు సెంటర్లలో విడిభాగాల బిల్లులు ధర లేకుండా వస్తున్నాయి. కొన్నిచోట్ల సున్నా రూపాయలు. ధరల పట్టికను ప్రతిరాత్రీ ఒక రూపంలోంచి ఇంకో రూపంలోకి మార్చి పంపేది ఆ పాత ప్రోగ్రామే. సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. విడిభాగాల విభాగంలో పనిచేసే ఒక క్లర్కమ్మ గారికి ఆ ఫైలు ఎక్కడినుంచి వస్తుందో ఏళ్ళ తరబడి తెలుసు. "నన్నెవరైనా అడిగితే కదా చెప్పేది" అన్నారావిడ. ఆవిడ పేరు మా జాబితాలో ఎక్కడా లేదు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. మొదటి మీటింగులో తిట్లు పడింది సర్వరు ఆపిన కుర్రాడికి. నేను ఊరుకున్నాను. రెండో రోజు మీటింగులోగానీ సంతకం నాదని చెప్పలేకపోయాను. ఆ కుర్రాడు నన్ను ఒక్క మాట అనలేదు, తర్వాత చాలాకాలం నాతో సరిగా మాట్లాడనూ లేదు.

ఆ తర్వాతే మాకు రిపాజిటరీని పద్ధతిగా కట్టమని అనుమతి వచ్చింది. కొత్త సాఫ్ట్‌వేరు కొనాలని కొందరు పట్టుబట్టారు. ఖరీదైనవి ఉన్నాయి, మంచివే. కానీ తప్పుడు జాబితాను ఖరీదైన సాఫ్ట్‌వేరులో పెడితే అది ఖరీదైన తప్పుడు జాబితా అవుతుంది. మేము ముందు ఆరు నెలలు నియమాల మీదే కూర్చున్నాం.

ఎవరు రాయాలి, ఎవరు చూడాలి

మొదటి నియమం: ప్రతి వరుసకూ ఒక బాధ్యుడు. మనిషి పేరు కాదు, పదవి పేరు. "విడిభాగాల ధరల విభాగం మేనేజరు" అని రాస్తాం, ఆ కుర్చీలో ఎవరున్నారో వేరే పట్టిక చెబుతుంది. మనిషి మారినా బాధ్యత ఖాళీ కాదు. బాధ్యుడు లేని వరుస ఉంటే దాన్ని ఎవరూ ఆపకూడదు, మార్చకూడదు. ముందు బాధ్యుణ్ణి వెతకాలి. నా తప్పుకు విరుగుడు అదే.

రెండోది తేదీ. "ఇది నిజమేనని చివరిసారి చూసిన రోజు" అని ఒక గడి పెట్టాం. ఆరు నెలలు దాటితే ఆ వరుస ఎర్రబడుతుంది. రాసినవాడే సరిచూసుకుంటే సరిపోదు, సంవత్సరానికోసారి పక్క టీమువాళ్ళు కొన్ని వరుసలు ఏరి తనిఖీ చేయాలి. జమాబందీకి పైనుంచి అధికారి వచ్చి ఊరి లెక్కలు చూసినట్టు.

మూడోది కొంచెం గొడవ అయింది. గడులు తగ్గించడం. ప్రతి విభాగమూ తనకు కావలసిన కాలమ్ ఒకటి చేర్చి చేర్చి పట్టిక 54 కాలమ్‌లు అయింది. నింపేవాళ్ళకు ప్రాణం మీదికి వచ్చి, ఏదో ఒకటి రాసి పడేసేవారు. మేము ప్రతి కాలమ్‌కూ ఒకటే ప్రశ్న వేశాం: దీన్ని చూసి ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారు? జవాబు రానివి 31 తీసేశాం. ఇప్పటికీ ఆ మీటింగులు తలుచుకుంటే నాకు తలనొప్పి వస్తుంది.

టోగాఫ్ పద్ధతిలో ఈ గదికి ఇంకా అరలున్నాయి. ఇవాళ ఉన్నదాని పటం, రేపు ఉండవలసినదాని పటం ఒక అర. కంపెనీలో వాడదగిన ప్రమాణాలు, అంటే ఏ డేటాబేసు వాడాలి, తేదీని ఎలా రాయాలి వంటివి, ఇంకో అర. మళ్ళీ మళ్ళీ వాడుకోదగిన నమూనాలు మరో అర. వీటి గురించి పుస్తకాల్లో బోలెడంత ఉంది, చదువుకోవచ్చు. నేను ఆగి చెప్పదలచుకున్నది నిర్ణయాల పుస్తకం గురించి.

అన్ని విభాగాల పెద్దలూ కూర్చునే ఒక మండలి ఉంటుంది, ఆర్కిటెక్చర్ బోర్డు అంటారు. కొత్త సాఫ్ట్‌వేరు తేవాలన్నా, ప్రమాణం దాటాలన్నా అక్కడికి రావాలి. వాళ్ళు ఒప్పుకున్నారా లేదా అన్నది మాత్రం రాస్తే చాలదు. ఎందుకు ఒప్పుకున్నారు, ఇంకే దారులు చూశారు, ఎవరు వద్దన్నారు అని కూడా రాయాలి. మూడేళ్ళ తర్వాత కొత్తగా వచ్చినవాడు "ఇదేం పిచ్చి పని, ఎవరు చేశారు?" అని అడుగుతాడు. ఆ రోజు చేతిలో ఉన్న డబ్బు, గడువు తెలిస్తే అది పిచ్చి పని కాదని తెలుస్తుంది. ఒక్కోసారి పిచ్చి పనేనని కూడా తేలుతుంది, అదీ మంచిదే.

మినహాయింపులు తప్పవు. "ఈ ఒక్కసారికి పాత పద్ధతిలో చేసుకోనివ్వండి" అని వచ్చేవారు ఎప్పుడూ ఉంటారు. ఇవ్వవచ్చు, కానీ ముగిసే తేదీ వేసి ఇవ్వాలి. తేదీ లేకుండా ఇచ్చిన మినహాయింపే మా దగ్గర కొన్నాళ్ళకు నియమమై కూర్చుంది, ఒకటి కాదు, నాలుగు.

పేరు ఒకటే, మనిషి ఒక్కడేనా?

నంబరు సంగతి ఎందుకంత గట్టిగా చెబుతున్నానో మన పిల్లల కాగితాలు చూస్తే అర్థమవుతుంది. మనం తెలుగువాళ్ళం, తమిళనాడులో ఉంటాం. ఇక్కడ స్కూల్లో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనిషియల్. ఆంధ్రలో చదివినవారికి ఇంటిపేరు ఇనిషియల్. రేషన్ కార్డులో తమిళంలో ఒక రకం, ఆధార్‌లో ఇంగ్లీషులో ఇంకో రకం, పాత తెలుగు మీడియం సర్టిఫికెట్లో మూడో రకం. వెంకటేశ్ ఒక చోట "ష్"తో, ఒక చోట "శ్"తో. బ్యాంకువాళ్ళకు ఇద్దరు మనుషులు కనిపిస్తారు. మీలో ఎంతమంది దీనికోసం నోటరీ దగ్గరికి తిరిగారో నాకు తెలుసు, నేనూ తిరిగాను. తమిళనాడు పాఠశాలల్లో ప్రతి విద్యార్థికీ ఎమిస్ నంబరు ఇవ్వడం అందుకే. పేరు ఎలా రాసినా నంబరు ఒకటే.

ప్రభుత్వాల స్థాయిలో ఇది ఎంత పెద్ద సమస్యో ఊహించండి. ప్రతి శాఖకూ తన జాబితా, తన సాఫ్ట్‌వేరు. అదే పౌరుడు అదే సర్టిఫికెట్టును ప్రతి ఆఫీసులో మళ్ళీ ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్ 2015లో ఈ-ప్రగతి పేరుతో, టోగాఫ్ ఆధారంగా, మొత్తం రాష్ట్రానికి ఒక ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ తయారుచేసే పని మొదలుపెట్టింది. 30కి పైగా శాఖలను, వాటి కింద ఉన్న వందలాది సంస్థలను ఒకే పటంలోకి తేవాలన్నది ఆలోచన. దీని వెనుక ఉన్న ఐఎఎస్ అధికారి జె. సత్యనారాయణ గారు అంతకుముందు 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కార్డ్ పేరిట కంప్యూటర్లు పెట్టించిన వారు. భూమి కాగితాల నుంచి మొత్తం రాష్ట్రం పటం దాకా ఒకే దారి అన్నమాట. తర్వాత 2018లో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటి మంత్రిత్వ శాఖ దేశమంతటికీ ఇండియా అనే చట్రాన్ని విడుదల చేసింది. ఇండియా ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అన్న మాటల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరది. ఆ బృందానికీ ఆయనే నాయకత్వం వహించారు. అందులో ఎనిమిది నమూనాలు ఉన్నాయి: పని, సాఫ్ట్‌వేరు, సమాచారం, సాంకేతికత, పనితీరు, అనుసంధానం, భద్రత, పాలన. ఎనిమిదో దాన్ని గమనించండి. పాలన అంటే ఎవరు రాయాలి, ఎవరు చూడాలి, ఎవరు ఒప్పుకోవాలి అన్నదే.

నా అభిప్రాయం అడిగితే, ఇలాంటి చట్రాల పుస్తకాలు రాయడం సగం పని కూడా కాదు. ఒక శాఖ తన సొంత జాబితాను వదులుకుని "పక్క శాఖ జాబితాయే అసలైనది, మేము దాన్ని చదువుకుంటాం" అని ఒప్పుకోవడమే కష్టం. జాబితా చేతిలో ఉంటే మాట చెల్లుతుంది. కరణం గారికి ఆ సంగతి బాగా తెలుసు.

పిల్లలు ఏం చదవాలి?

తల్లిదండ్రులు అడిగేది ఇదే కాబట్టి సూటిగా చెబుతాను. కాలేజీ నుంచి నేరుగా ఈ ఉద్యోగం రాదు. ఏదో ఒక సాఫ్ట్‌వేరు లేక ఒక విభాగం పని అయిదారేళ్ళు లోతుగా చేసినవారికి వస్తుంది. బి.ఇ. కావచ్చు, బి.సి.ఎ. కావచ్చు, డిప్లొమా చేసి పైకి వచ్చినవారినీ చూశాను. బి.కాం. చదివి స్టోర్సులో పనిచేసిన ఒకాయన నాకన్నా మంచి ఆర్కిటెక్టు అయ్యాడు, ఎందుకంటే సరుకు ఎలా కదులుతుందో అతనికి కంటితో చూసిన అనుభవం. కాబట్టి డేటాబేసులు శ్రద్ధగా నేర్చుకోండి, జమాఖర్చులు చదవడం నేర్చుకోండి. టోగాఫ్‌కు పరీక్ష ఉంది, సర్టిఫికెట్టు ఉంది. కానీ మూడో ఏడు చదివే పిల్లలకు ఆ కోచింగు అని వేలకు వేలు కట్టించుకునేవారిని నమ్మకండి. ఆ డబ్బు ఉంచుకోండి, కంపెనీలో చేరాక చాలాసార్లు కంపెనీయే కడుతుంది.

సాధన చేయాలంటే ఆర్కి అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది, ఆర్కిమేట్ అనే గుర్తుల భాషలో పటాలు గీయవచ్చు. అదీ లేకపోతే ఒక నోటుపుస్తకం చాలు. కాలేజీ ల్యాబు, నాన్నగారి కిరాణా కొట్టు, గులాబీ తోట, ఏదైనా తీసుకోండి. అక్కడ ఏ లెక్క ఎక్కడ రాస్తారు, ఎవరు రాస్తారు, దాన్ని ఎవరు చదువుతారు అని గీసి చూడండి.

పోయిన వేసవిలో బర్గూరు వైపు ఒక అమ్మాయి, మన ఉపకార వేతనం తీసుకునే విద్యార్థినే, నా మాట విని వాళ్ళ మేనమామ గారి మామిడి గుజ్జు యూనిట్లో ఇలాగే చేసింది. అయిదు పుస్తకాలు దొరికాయి: గేటు రిజిస్టరు, తూకం చీటీలు, కాయ రకం రాసే పుస్తకం, రైతుల బాకీల పుస్తకం, బ్యాంకు పుస్తకం. ఒకే రైతు గేటులో ఊరి పేరుతో, తూకంలో ఇనిషియల్‌తో, బాకీల పుస్తకంలో "బావ" అని ఉన్నాడట! చెల్లింపుల్లో ఏటా గొడవ ఎందుకొస్తోందో మామగారికి అప్పుడు అర్థమైంది. ప్రతి రైతుకూ ఒక నంబరు ఇవ్వాలని ఆ అమ్మాయి చెప్పింది. మామగారు ఒప్పుకుని వెంటనే, "సరేనమ్మా, ఆ నంబరు ఎవరివ్వాలి? గేటువాడా, గుమస్తానా? ఇద్దరూ ఇస్తే ఏం చేస్తావు?" అని అడిగారు. ఆమె దానికి సిద్ధంగా లేదు. నాకు ఫోన్ చేసింది. నేను చెప్పలేదు. వచ్చే బెంగళూరా కాయ సీజనుకు ముందు జవాబుతో వెళతానంది.